టీటీ సైకిల్‌కు లోన్ పెట్టే ముందు పాప టైమ్ సరిగ్గా కొలవండి

గుంతకల్లు అన్నా, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. పాపకు పదహారు నిండాయి, వచ్చే ఏడాది జూనియర్‌లోకి వస్తుంది, జిల్లాలో ఫస్ట్, రాష్ట్ర పోటీల్లో మూడో స్థానం. 2025 సెప్టెంబర్‌లో రువాండాలోని కిగాలీలో జరిగిన ప్రపంచ చాంపియన్‌షిప్‌లో జూనియర్ అమ్మాయిల టైమ్ ట్రయల్ (ఒక్కొక్కరినే విడివిడిగా వదిలి, ఎవరికి తక్కువ టైమ్ పడుతుందో చూసే రేసు) ఫోన్‌లో చూసినప్పటి నుంచి 'నాన్నా, నేనూ అక్కడ తొక్కాలి' అంటోంది. బెంగళూరు షాపులో నాలుగున్నర లక్షల టీటీ సైకిల్ (టైమ్ ట్రయల్ కోసమే చేసిన సైకిల్) చూపించారు, సొసైటీలో లోన్ పెట్టి కొనేద్దామా అని అడుగుతున్నారు. జూలైలో గుంతకల్లు నుంచి గుత్తి వైపు 20 కిలోమీటర్లు సరిగ్గా 30 నిమిషాల్లో వచ్చిందని కూడా రాశారు. నా జవాబు ముందే చెప్పేస్తాను: ఇప్పుడు లోన్ వద్దు. పాపను నిరుత్సాహపరచడానికి కాదు. అనంతపురంలో పాతికేళ్లుగా ఈ సైకిళ్లతోనే ఉన్నాను, జాతీయ పోటీల్లో తొక్కాను, ఇప్పుడు పొద్దున పూట పిల్లలకు నేర్పిస్తున్నాను. అప్పు చేసి కొన్న సైకిల్ రెండేళ్లకే చిన్నదైపోయి గోడకు వేలాడడం మూడు ఇళ్లలో కళ్లారా చూశాను కాబట్టి చెబుతున్నాను.

మొదట ఆ 30 నిమిషాల సంగతి. జూలైలో మన వైపు గాలి ఎటు నుంచి వీస్తుందో మీకు నేను చెప్పక్కర్లేదు. ఆషాఢం గాలికి ఇంటి మీది రేకులే లేచిపోతాయి, ఉరవకొండ, వజ్రకరూరు వైపు అన్ని గాలిమరలు పెట్టింది ఊరికే కాదు. నైరుతి, పడమర నుంచి వచ్చే గాలి అది. గుంతకల్లు నుంచి గుత్తి తూర్పున ఉంది. అంటే పాప 20 కిలోమీటర్లూ వెనక గాలితో వెళ్లింది, మీరు బండి మీద ముందు వెళ్లి గుత్తి దగ్గర టైమ్ చూసుకున్నారు, తిరిగి వచ్చేటప్పుడు టైమ్ తీయలేదు. ఒక వైపు తీసిన టైమ్‌ను టైమ్ కింద లెక్కపెట్టకూడదన్నా. 10 పోయి 10 రావాలి, అప్పుడే అసలు సంగతి తెలుస్తుంది. గాలి సాయంతో పోయేటప్పుడు గంటకు 40 వచ్చిందనుకోండి, 10 కిలోమీటర్లకు 15 నిమిషాలు. ఎదురు గాలిలో తిరిగొచ్చేటప్పుడు 27కి పడిపోయిందనుకోండి, 22 నిమిషాల పైన. మొత్తం 37 నిమిషాలు దాటింది, సగటు 32. 'పోయేటప్పుడు 40, వచ్చేటప్పుడు 27, సగటు 33న్నర' అని చాలామంది లెక్క వేస్తారు, అది తప్పు, ఎందుకంటే నెమ్మదిగా పోయే చోటే ఎక్కువ సేపు ఉంటాం. ఈ చిన్న లెక్కలోనే టైమ్ ట్రయల్ సగం ఉంది, తర్వాత మళ్లీ దీనికే వస్తాను.

పాప చూసిన స్థాయి ఏమిటో కూడా చెబుతాను, దాచడం మంచిది కాదు. 2022లో ఆస్ట్రేలియాలోని వొలాంగాంగ్‌లో బ్రిటన్ అమ్మాయి జో బాక్‌స్టెడ్ జూనియర్ టైమ్ ట్రయల్ గెలిచింది. 14 కిలోమీటర్ల చిల్లర దూరం, పద్దెనిమిదిన్నర నిమిషాల లోపు, అంటే మలుపులతో కలిపి గంటకు 46 దగ్గర. అబ్బాయిల్లో 2018లో ఇన్‌స్‌బ్రుక్‌లో బెల్జియం కుర్రాడు రెమ్కో ఎవెనెపూల్ సుమారు 28 కిలోమీటర్లు 33 నిమిషాల 15 సెకన్లలో తొక్కాడు, గంటకు 50 దాటింది. ఆ రేసులన్నిటికీ రోడ్డు పూర్తిగా మూసేస్తారు, నున్నటి తారు, టీటీ సైకిళ్లు, అయినా సరే ఆ కాళ్లు మామూలువి కావు. మన పాప సగటు 32 అనుకుంటే, దానికీ ఆ 46కీ మధ్య తేడాను చూసి భయపడొద్దు. ఆ తేడాలో సైకిల్‌ది ఎంత, కూర్చునే పద్ధతిది ఎంత, ఊపిరిది ఎంత అని విడదీసి చూడాలి, అప్పుడే డబ్బు ఎక్కడ పెట్టాలో తెలుస్తుంది.

గంటకు 40 దగ్గర చదును రోడ్డు మీద సైకిలిస్టు పెట్టే బలంలో దాదాపు 90 శాతం గాలిని తోసుకుపోవడానికే అయిపోతుంది. ఆ గాలికి అడ్డంగా ఉండేది సైకిల్ కంటే మనిషే ఎక్కువ, మూడొంతులు ఒంటిదే అనుకోండి. భుజాలు ముడుచుకుని, మోచేతులు దగ్గరగా పెట్టి, తల దించి, వీపు పలక లాగా పరిచి తొక్కితే మామూలు రోడ్ సైకిల్ మీద హ్యాండిల్ పట్టుకుని తొక్కేదానితో పోలిస్తే అదే వేగానికి ఉజ్జాయింపుగా 50 వాట్లు తగ్గుతాయి. ఆ 50 వాట్లు కాళ్లలోంచి తేవాలంటే రెండేళ్ల చెమట కావాలి. ఈ లాభంలో పెద్ద భాగం నాలుగున్నర లక్షల సైకిల్ లేకుండానే వస్తుంది, ఇప్పుడున్న రోడ్ సైకిల్ హ్యాండిల్‌కు మోచేతులు ఆనించి ముందుకు వంగి తొక్కడానికి వీలైన క్లిప్-ఆన్ ఏరో బార్‌లు బిగిస్తే చాలు. కొన్ని వేల రూపాయల్లో అయిపోతుంది. సీటు కొంచెం ముందుకు జరపాలి, కాస్త ఎత్తు పెంచాలి, లేకపోతే మోకాలు పొట్టకు తగులుతుంది. ఇది ఒక్కరోజులో చేయకండి, వారానికి అర సెంటీమీటర్ చొప్పున మార్చండి. మొదటి రెండు వారాలు మెడ పట్టేస్తుంది, అది మామూలే. మోకాలి నొప్పి వస్తే మాత్రం వెంటనే పాత కొలతకు వెళ్లిపోండి.

ఇంకో మాట, పాప ఇంకా ఎదుగుతోంది. అంతర్జాతీయ సమాఖ్య యూసీఐ నియమాల్లో ఏరో బార్ ఎంత ముందుకు ఉండొచ్చన్నది మనిషి ఎత్తును బట్టి ఉంటుంది, సైకిల్ బరువు 6.8 కిలోల కంటే తగ్గకూడదు, రేసు ముందు ప్రతి సైకిల్‌నీ కొలత స్టాండు మీద పెట్టి చూస్తారు. ఇప్పుడు కొన్న ఫ్రేమ్ పద్దెనిమిదికి సరిపోతుందన్న గ్యారంటీ ఏ షాపువాళ్లూ ఇవ్వరు. జూనియర్లకు ఒకప్పుడు గేర్ పరిమితి ఉండేది, పెడల్ ఒక చుట్టు తిప్పితే సైకిల్ 7.93 మీటర్లు దాటకూడదని. 2023 నుంచి యూసీఐ దాన్ని తీసేసింది. అందుకని 'పెద్ద గేర్ ఉన్న సైకిల్ కొనండి' అని షాపుల్లో చెబుతున్నారు, మీకూ చెప్పి ఉంటారు. పదహారేళ్ల మోకాళ్లకు పెద్ద గేర్‌తో పనిలేదు. నిమిషానికి 90 నుంచి 100 చుట్లు తేలిగ్గా తిప్పడం ముందు రావాలి.

డబ్బు పెట్టాలనే ఉంటే, కాళ్లు ఎంత బలం పెడుతున్నాయో వాట్లలో చూపే, పెడల్ ఉండే ఎడమ క్రాంక్‌కు అమర్చే పవర్ మీటర్ కొనండి. గాలి ఎటు వీచినా, ఎండ ఎంత ఉన్నా, రోడ్డు ఎక్కినా దిగినా అది అబద్ధం చెప్పదు. ఆషాఢంలో గుత్తి వైపు పోతూ వేగం 42 కనబడితే పిల్లలు పొంగిపోతారు, కార్తీకంలో అదే కష్టానికి 35 కనబడితే ఏడుస్తారు. పవర్ మీటర్ ఉంటే ఆ రెండు రోజులూ ఒకటేనని తెలుస్తుంది. ఇప్పుడే కొనలేకపోతే గుండె కొట్టుకునే వేగం చూపే ఛాతీ పట్టీ చాలు. అది కూడా లేకపోతే ఊపిరి ఉంది.

ఊపిరి అంటే గుర్తొచ్చింది. మా దగ్గర ఒక అబ్బాయి ఉండేవాడు, కాళ్లలో మంచి బలం, కానీ ప్రతి టైమ్ ట్రయల్లోనూ మొదటి మూడు నిమిషాలు పిచ్చిగా లాగేవాడు, ఎనిమిదో నిమిషానికి భుజాలు ఊగేవి, పదిహేనో నిమిషానికి సైకిల్ నిలబడిపోయినట్టు ఉండేది. ఎంత చెప్పినా వినేవాడు కాదు, ఎందుకంటే కంప్యూటర్లో వేగం తగ్గితే వాడి మనసు ఒప్పుకోదు. ఒకరోజు ఉరవకొండ రోడ్డులో సైకిల్ కంప్యూటర్ మీద నల్ల ఇన్సులేషన్ టేపు అంటించాను. 'మొదటి ఐదు నిమిషాలు నువ్వు నాతో రెండు మాటలు చెప్పగలగాలి, ఆ తర్వాత ఒక మాట, చివరి ఐదు నిమిషాలు ఏమీ చెప్పలేకపోవాలి' అన్నాను, బండి మీద పక్కనే వెళ్లాను. నాలుగో నిమిషంలో వాడు 'అన్నా, చాలా స్లోగా పోతున్నా' అని ఏడుపు గొంతుతో అన్నాడు. పోనీరా, ఇలాగే పోనీ అన్నాను. అదే 10 పోయి 10 వచ్చే దారిలో, అంతకుముందు వారం కంటే 52 సెకన్లు తగ్గాయి. టేపు పీకి చూపించాను, వాడు నమ్మలేదు, నా ఫోన్‌లో టైమ్ రెండుసార్లు చూశాడు.

పాపకు కూడా ఇదే చేయించండి. సమంగా తొక్కడం అనేది చెబితే రాదు, ఒంటికి తెలియాలి. వారానికి రెండు రోజులు చాలు, మొదట్లో ఒకరోజు 8 నిమిషాల చొప్పున నాలుగు సార్లు, మధ్యలో 4 నిమిషాలు తేలిగ్గా. ఇంకోరోజు 15 నిమిషాల చొప్పున రెండు సార్లు. ఏరో బార్ మీదే తొక్కాలి, తల ఎత్తకూడదు. నాలుగో సారి కూడా మొదటి సారి లాగే రావాలి, మొదటిది బాగా వచ్చి నాలుగోది పడిపోతే ఆరోజు పాఠం రాలేదని లెక్క. మిగతా రోజులు పొడుగు దూరాలు మెల్లగా, ఒకరోజు పూర్తి విశ్రాంతి. పరీక్షలప్పుడు తగ్గించేయండి, ఇంటర్ పిల్ల నిద్ర మానుకుని తొక్కితే ఏమీ రాదు.

ఇందాకటి లెక్కకు వస్తాను. ఎదురు గాలిలో ఎక్కువ సేపు ఉంటాం కాబట్టి బలం కాస్త ఎక్కువ పెట్టాల్సింది అక్కడే. వెనక గాలిలో వేగం ఎలాగూ వస్తుంది, అక్కడ ఇంకా లాగి లాభం తక్కువ, ఊపిరి పోగేసుకోవాలి. ఎత్తు కూడా అంతే, ఎక్కేటప్పుడు కొంచెం పైన, దిగేటప్పుడు ముడుచుకుని కూర్చోవడం. 'కొంచెం' అన్న మాట మర్చిపోవద్దు, ఎదురు గాలిని చూసి కోపంతో తొక్కితే యూటర్న్ దగ్గరికే అయిపోతారు. ఈ విషయంలో మన పిల్లలు అదృష్టవంతులు అంటాను నేను. హాలండ్ పిల్లలు సముద్రపు గాలిలో పెరుగుతారు, మన పిల్లలకు జూన్ నుంచి సెప్టెంబర్ దాకా గాలిమరల కింద అదే బడి ఉచితంగా దొరుకుతుంది. పక్క గాలిలో ఏరో బార్ వదలకుండా సైకిల్ నిలబెట్టడం కూడా అక్కడే నేర్చుకోవాలి. లారీ దాటేటప్పుడు ఒక్కసారిగా గాలి ఆగి మళ్లీ కొడుతుంది చూడండి, ఆ క్షణంలో చేతులు బిగుసుకోకూడదు.

మన పిల్లలు వెనకబడేది ఎక్కడంటే మలుపుల్లో. నేను చూసిన మన పోటీలు ఎక్కువగా హైవే మీద నిటారుగా పోయి, డ్రమ్ము చుట్టూ తిరిగి, నిటారుగా వచ్చేవే. బయటి దేశాల్లో ఊళ్ల మధ్య నుంచి, రౌండెబౌట్ల మీదుగా, రాళ్లు పరిచిన వీధుల మీదుగా పెడతారు. ఒక్కో మలుపు దగ్గర భయపడి బ్రేక్ పట్టినా మూడు సెకన్లు పోతాయి, పది మలుపులకు అర నిమిషం. గుంతకల్లులో ఆదివారం పొద్దున ఖాళీగా ఉండే ఏదైనా గ్రౌండ్‌లో నాలుగు చెప్పులు పెట్టి యూటర్న్‌లు తిప్పించండి, ఎడమకు ఇరవై, కుడికి ఇరవై. ఇది ఎవరూ చేయించరు, ఎందుకంటే చూడ్డానికి గొప్పగా ఉండదు. ఫ్రాన్స్‌లో వాందే ప్రాంతంలో లెజెర్బియే అనే ఊళ్లో 1982 నుంచి అక్టోబర్‌లో టైమ్ ట్రయల్ ఒక పండగలా జరుగుతుంది, ఇప్పుడు క్రోనో దే నాసియోన్ అంటారు, పెద్దవాళ్లతో పాటు జూనియర్లకూ ఉంటుంది. యూట్యూబ్‌లో ఆ వీడియోలు పెట్టి గెలిచినవాళ్ల వేగం చూడొద్దని, మలుపుకు ముందు తల ఎక్కడ ఎత్తుతున్నారో, మళ్లీ ఏరో బార్ మీదికి ఎంత త్వరగా వస్తున్నారో చూడమని పాపకు చెప్పండి. 2022లో జూనియర్ ప్రపంచ విజేత జోషువా టార్లింగ్ ఆ మరుసటి ఏడాదే పెద్దవాళ్లతో పోటీపడి లెజెర్బియేలో గెలిచాడు, ఆ వీడియో బాగుంటుంది.

స్టార్ట్ గురించి నా సొంత అనుభవం చెప్పాలి. నేను తొక్కిన ఒక జాతీయ పోటీలో, నా వంతుకు పన్నెండు నిమిషాల ముందు సైకిల్‌ను కొలత స్టాండు మీద పెడితే ఏరో బార్ కొన రెండు సెంటీమీటర్లు ముందుకు ఉందన్నారు. అంతకు రెండు రోజుల ముందు ఒక షాపులో బిగించి ఇచ్చారు, నేను టేపు పెట్టి చూసుకోలేదు. అలెన్ కీ కోసం వెతకడం, చేతులు వణకడం, బోల్టు తిరగకపోవడం, అవన్నీ అయ్యి స్టార్ట్ ఇచ్చే వాలు బల్ల, అంటే ర్యాంప్ ఎక్కేసరికి నా టైమ్ 40 సెకన్ల కిందే మొదలైపోయింది. టైమ్ ట్రయల్లో ఎవరి కోసమూ గడియారం ఆగదు, ఆలస్యంగా వస్తే రాసిపెట్టిన నిమిషం నుంచే లెక్క. ఆరోజు పతకానికి 22 సెకన్ల దూరంలో ఆగిపోయాను. ఇప్పటికీ ఏ పిల్లను పోటీకి తీసుకెళ్లినా ముందు రోజే కొలతలు తీసి, కాగితం మీద రాసి, అలెన్ కీలు నా జేబులోనే పెట్టుకుంటాను.

అయితే స్టార్ట్ పాడైనంత మాత్రాన అంతా అయిపోయినట్టు కాదని కూడా పాపకు చెప్పండి. 2019లో యార్క్‌షైర్ ప్రపంచ పోటీల్లో ఇటలీ కుర్రాడు ఆంటోనియో టిబేరికి స్టార్ట్ ర్యాంప్ దిగగానే సైకిల్ ఇబ్బంది పెట్టింది, దిగి వేరే సైకిల్ ఎక్కాల్సి వచ్చింది. అయినా జూనియర్ స్వర్ణం అతనిదే. పోయిన సెకన్లను మొదటి రెండు నిమిషాల్లోనే తిరిగి తెచ్చుకోవాలని లాగి ఉంటే ఆ పతకం వచ్చేదే కాదు. మీ ఇంటి ముందు ఇలా నేర్పండి: తమ్ముడో, మీరో వెనక నుంచి సీటు పట్టుకుని నిలబెట్టాలి, పాప రెండు కాళ్లూ పెడల్ మీద పెట్టుకోవాలి, మీరు ఐదు నుంచి వెనక్కి లెక్కపెట్టాలి, తోయకూడదు, వదలాలంతే. పది రోజులు చేస్తే ర్యాంప్ మీద టెన్షన్ సగం పోతుంది. ముందు వెళ్లినవాళ్లను అందుకుంటే వాళ్ల వెనక నీడలో తొక్కకూడదు, పక్కగా దాటిపోవాలి. తనను ఎవరైనా దాటేసినా అంతే, వెనక చేరితే సెకన్ల జరిమానా పడుతుంది.

ఆడపిల్ల కాబట్టి ఒక ముఖ్యమైన విషయం, దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. ఏ కారణం లేకుండా నెల రోజులుగా డల్‌గా ఉంది, కాళ్లు బరువుగా ఉన్నాయి అంటోందంటే బద్ధకం అని తిట్టకండి, రక్తపరీక్ష చేయించండి, హిమోగ్లోబిన్‌తో పాటు ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ) కూడా అని డాక్టర్‌ను అడగండి. ఎదిగే వయసులో, నెలసరితో, ఇంత వ్యాయామంతో ఐరన్ తగ్గడం చాలా మామూలు. మా దగ్గర ఒకమ్మాయి ఆరు నెలలు వెనకబడిపోయింది, కారణం అదే, అది సరిచేశాక మళ్లీ మునుపటిలా తొక్కింది. నెలసరి ఆగిపోతే అది మంచి ట్రైనింగ్‌కు గుర్తు కాదు, తిండి చాలట్లేదని అర్థం. బరువు తగ్గమని ఎవరు చెప్పినా వినొద్దు. రాగి సంగటి, పప్పు, గుడ్లు, చెనిగ్గింజలు, మన ఇంటి తిండే చాలు, కడుపునిండా పెట్టండి. రేసు రోజు పొద్దున మాత్రం ఉగ్గాని బజ్జీ వద్దు, మూడు గంటల ముందు ఇడ్లీయో అరటిపండుతో బ్రెడ్డో తిని వదిలేయాలి. 20 నిమిషాల రేసుకు జెల్‌లు, పౌడర్లు అక్కర్లేదు. పౌడర్ల మాట వచ్చింది కాబట్టి చెబుతున్నా, జిమ్ కుర్రాళ్లు ఇచ్చే డబ్బా ఏదీ ముట్టుకోవద్దు. జలుబు మందుల్లో ఉండే సూడోఎఫెడ్రిన్ లాంటివి కూడా పోటీ రోజున మోతాదు దాటితే డోపింగ్ కిందికి వస్తాయి, జూనియర్లకూ పరీక్షలు చేస్తారు. ఏ మందు వాడినా ముందు డాక్టర్‌కు 'పాప పోటీల్లో ఉంది' అని చెప్పండి.

దారి సంగతి చిన్నగా చెబుతాను. ప్రపంచ పోటీలకైనా ఆసియా పోటీలకైనా మనంతట మనం పేరు ఇచ్చుకోలేం, దేశ సమాఖ్య, అంటే సైక్లింగ్ ఫెడరేషన్ ఆఫ్ ఇండియా ఎంపిక చేయాలి. జిల్లా, రాష్ట్రం, జాతీయ పోటీలు, ఆ తర్వాత క్యాంపు, ట్రయల్స్. ఆసియా రోడ్ చాంపియన్‌షిప్‌లో జూనియర్ అమ్మాయిల టైమ్ ట్రయల్ ఉంటుంది, పాప ముందు పెట్టుకోవాల్సిన మెట్టు అదే, కిగాలీ కాదు. ఖేలో ఇండియా యూత్ గేమ్స్‌లోనూ సైక్లింగ్ ఉంది. జూనియర్ అంటే పదిహేడు నిండే సంవత్సరం, పద్దెనిమిది నిండే సంవత్సరం, పుట్టిన నెలతో పనిలేదు. అంటే పాపకు రెండు సీజన్లే ఉంటాయి. అందుకని ఇప్పుడే పాస్‌పోర్టు తీసి పెట్టండి, ఆధార్‌లో, టెన్త్ మెమోలో, బర్త్ సర్టిఫికెట్‌లో పుట్టిన తేదీ, పేరు స్పెల్లింగ్ ఒకేలా ఉన్నాయో లేదో చూసుకోండి. ఎంపికయ్యాక ఇలాంటి కాగితం తేడాతో ఆగిపోయిన పిల్ల ముఖం చూడలేం. వయసు తగ్గించి రాయిద్దాం అని ఎవరైనా సలహా ఇస్తే వాళ్లను మళ్లీ ఇంటికి రానివ్వకండి.

ఆలస్యమైపోయిందా అని కూడా మీరు అడిగారు. కాలేదు. ఎవెనెపూల్ పదిహేడో ఏట దాకా ఫుట్‌బాల్ ఆడాడు, 2017లో సైకిల్ ఎక్కాడు, మరుసటి ఏడాదే జూనియర్లలో రోడ్ రేసు, టైమ్ ట్రయల్ రెండూ గెలిచాడు, 2024 పారిస్ ఒలింపిక్స్‌లో కూడా ఆ రెండు స్వర్ణాలూ అతనివే. 2023లో స్కాట్లాండ్‌లోని స్టిర్లింగ్‌లో జూనియర్ అమ్మాయిల టైమ్ ట్రయల్ గెలిచిన ఆస్ట్రేలియా అమ్మాయి ఫెలిసిటీ విల్సన్-హాఫెండెన్ అంతకుముందు హాకీ ఆడేది. వీళ్లు అరుదైన పిల్లలు, అందరూ ఇలా కారు. కానీ టైమ్ ట్రయల్‌కు గుండె, ఊపిరి, ఓర్పు ముఖ్యం, అవి వేరే ఆటలో పెరిగినా పనికొస్తాయి. మనవాళ్లకు చేతకాదు అనే మాట కూడా పట్టించుకోకండి, 2019లో జర్మనీలో మన ఈసో, రొనాల్డో, రోజిత్ ట్రాక్ మీద జూనియర్ ప్రపంచ టీమ్ స్ప్రింట్ స్వర్ణం తెచ్చారు.

రోడ్డు మీద జాగ్రత్త. నేను పిల్లలను ఒంటరిగా పంపను, ఎంత బాగా తొక్కేవాళ్లైనా. 2024లో జూరిచ్ ప్రపంచ పోటీల్లో జూనియర్ అమ్మాయిల రోడ్ రేసులో ఒక స్విస్ పాప అడవి దారిలో పడిపోతే వెంటనే ఎవరికీ తెలియలేదు, మరుసటి రోజు చనిపోయింది. అంత ఏర్పాటు ఉన్న రేసులోనే అలా జరిగింది. పాప తల దించి ఏరో బార్ మీద ఉన్నప్పుడు వెనక మీ బండి ఉండాలి, ఇండికేటర్ వేసుకుని, లేకపోతే ఆరోజు ఇంట్లో సైకిల్‌ను కదలకుండా నిలబెట్టే ట్రైనర్ స్టాండు మీద తొక్కించండి. పొద్దున ఐదున్నరకు మొదలుపెట్టి ఏడున్నరకు ముగించేయండి. 44వ నంబరు హైవే మీదికి తీసుకెళ్లొద్దు, అంచున రాంగ్ సైడ్‌లో వచ్చే ట్రాక్టర్లు తల దించినవాళ్లకు కనబడవు. పంట రోజుల్లో రోడ్డు మీద కొర్రలో, చెనక్కాయలో ఆరబోసి చుట్టూ రాళ్లు పెడతారు, ముందు రోజు సాయంత్రమే ఒకసారి దారి చూసి రండి. కంపచెట్ల ముళ్లకు పల్చటి రేసు టైర్ ఆగదు, ట్రైనింగ్‌కు మందం టైర్ వేసి, మంచి టైర్లు రేసుకు దాచండి. రెండు ట్యూబులు, పంపు ఎప్పుడూ మీ బండి డిక్కీలో ఉండాలి.

ఇప్పుడు చేయాల్సింది ఒకటే. క్లిప్-ఆన్ బిగించి మూడు వారాలు అలవాటు చేయండి. నాలుగో ఆదివారం గాలి లేవక ముందు, ట్రాఫిక్ లేని రోడ్డులో, ఫోన్ మ్యాప్‌లో సరిగ్గా 10 కిలోమీటర్లు కొలిచి సుద్దముక్కతో గీత గీయండి. పోయేటప్పుడు ఎంత, వచ్చేటప్పుడు ఎంత విడివిడిగా రాయండి. ఆరు వారాల తర్వాత అదే రోడ్డు, అదే టైమ్, మళ్లీ తీయండి. ఆ నాలుగు అంకెలూ, గాలి ఎటు నుంచి వీచిందీ, పాప చివరి కిలోమీటర్‌లో ఎలా ఉందీ ఇక్కడే రాయండి. సైకిల్ కొనాలా వద్దా అన్నది అవి చూశాక మాట్లాడుకుందాం. అనంతపురం వైపు వచ్చే పని ఉంటే పాపను సైకిల్‌తో సహా తీసుకురండి, సీటు, బార్ కొలతలు నేను పెట్టిస్తాను, దానికేమీ ఇవ్వక్కర్లేదు.